వెండి విమానం పొట్టకు బెజ్జం

మూడేళ్ల కిందట తన అక్క పోయినప్పుడు కూడా గడప తొక్కని బావమరిది, ఆ రాత్రి వెండి పనివాడి కొట్టుకు ఒక బొమ్మ పట్టుకుని వచ్చాడు. అది తొలినాళ్ల విమానం, అంతా వెండి. ఒక రెక్క ఊడిపోయింది.

“అతికించు బావా. నిన్నేమీ ఎగరేయమనడం లేదుగా,” అని నవ్వాడు.

బోలు వస్తువుకు మంట పెట్టే ముందు లోపలి గాలి పోవడానికి బెజ్జం వేయాలి. లేకపోతే పేలుతుంది. పనివాడు బొమ్మ పొట్టకు సన్నటి బెజ్జం వేశాడు. వెచ్చటి గాలి వేలికి తగిలి ఆగింది. తర్వాత లోపలికి పోయింది. మళ్లీ బయటికి వచ్చింది.

పనివాడు బొటనవేలితో బెజ్జం మూశాడు.

వెనక నవ్వు తెగిపోయింది. బావమరిది గొంతు పట్టుకుని, కళ్లు తేలేసి, గోడ వెంట జారిపోతున్నాడు. పనివాడు అదిరిపడి వేలు తీశాడు. బొమ్మ, బావమరిది ఒకేసారి ఊపిరి పీల్చారు.

“ఏమైందో బావా... ఊపిరాడలేదు.”

“మీ అక్కకీ ఆడలేదురా. బండి ఉన్నవాడివని ఆ రాత్రి నీకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను.”

“మోగుతుంటే చూశాను బావా. పొద్దున చూద్దాంలే అనుకున్నా.”

తన బొటనవేలు మళ్లీ బెజ్జం మీదికి పోతుంటే, పనివాడు గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు.