ఎగరని విమానం

ధర్మపురి జాతర ఊరేగింపుకు దుకాణాలవాళ్ళంతా బండ్లు అలంకరించి తెచ్చారు. గల్ఫ్ ఏజెంటు ఓంప్రకాశ్ ట్రాక్టరు మీద అట్టవిమానం కట్టించాడు. ముందు కిటికీలోంచి దుబాయి నుంచి వచ్చినవాడిలా సూటు, నల్లద్దాలు వేసుకున్న ఆ ఊరి సిద్దిరాములు, వెనక కిటికీల్లోంచి ఇంకొందరు చేతులు ఊపుతుంటే జనం చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి విమానానికే వచ్చింది.

ఎవరో కుర్ర రైతు పాస్‌పోర్టు పట్టుకుని దగ్గరికొచ్చాడు. "అన్నా, దుబాయి ఎట్లుంటదే?"

ఓంప్రకాశ్ సిద్దిరాములు చెవిలో గొణిగాడు. "మంచిగుంటదని చెప్పు. నీ పాస్‌పోర్టు నా తాననే ఉన్నది, యాది పెట్టుకో."

సిద్దిరాములు ఆ కుర్రవాడి వైపు తిరిగాడు. నల్లద్దాలు తీశాడు.

"నాకేమెరుక తమ్మీ. రెండేండ్లసంది గీ ఏజెంటు వీసా వస్తదంటుండు. నేనెక్కిన విమానం గిదొక్కటే."

"మరి ఎనుక కూసున్నోళ్ళు?"

"వాళ్ళు నాకంటే సీనియర్లు. నాలుగేండ్లాయె పాస్‌పోర్టులిచ్చి."