గోళీ మహిమ

"లేవురా హనుమాండ్లూ, ఇంటికి పోదాం. నేను సచ్చిపోయిన."

మంచం అంచున కూర్చుని ఉమాశంకర్ ఈ మాట అంటే హనుమాండ్లు బెదరలేదు. పైగా నవ్వాడు. అక్క మొగుడు వచ్చి చచ్చిపోయానని చెబుతుంటే నవ్వే బామ్మర్ది లోకంలో ఉంటాడా అంటే, ఉన్నాడు. నాచారం పారిశ్రామికవాడలో, ఒక మందుల కంపెనీ వాళ్ల మేడ మీది హాల్లో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు.

నవ్వడానికి కారణం ఉంది. పొద్దున అందరి చేతా గోళీలు మింగించేటప్పుడే డాక్టరమ్మ హరిచందన చెప్పింది. "ఇది కొత్త నిద్రమందు. పరీక్ష చేస్తున్నాం. కొందరికి లేని మనుషులు కనబడతారు, మాట్లాడతారు కూడా. కంగారు పడకండి, సాయంత్రానికి దిగిపోతుంది. నాకు చెబితే రాసుకుంటాను."

"నువ్వు సావలే బావా," అన్నాడు హనుమాండ్లు. "పొద్దుగాల నీకు ఛాతిల నొప్పొస్తే పక్క రూముల పండవెట్టిన్రు. తక్కువైనంక ఇంటికి తోలిన్రని నర్సమ్మ చెప్పింది. ఈపాటికి చిల్కానగర్ల మా అక్కతోని తిట్లు తింటుంటవ్. ఈడున్నది నువ్వు గాదు, గోళీ."

"గోళీకి గిన్ని మాటలొస్తయారా?"

"మస్తు పవరున్న గోళీ. సగం మందికి ఉత్త పిండి గోళీలే ఇస్తరంట, ఎవలకు ఏదో చెప్పరంట. నాకు పిండిదే పడ్తదేమోనని భయపడ్డ. సూడు, అసల్దే పడ్డది!"

పక్క మంచం చంద్రయ్య దుప్పటి తీసి చూశాడు. "ఎవలతోని మాట్లాడుతున్నవే?"

"మా బావతోని. గోళీ ఎక్కింది."

చంద్రయ్య ఆ ఖాళీ అంచు వైపు కళ్లు చికిలించి చూసి, తనకేమీ కనబడనందుకు చిన్నబుచ్చుకుని మళ్లీ ముసుగు పెట్టాడు.

ఎవరినో ఒకరిని ఆటపట్టించకుండా పూట గడవని మనిషి ఉమాశంకర్. ఇప్పుడు మాత్రం తల ఎత్తలేదు.

"మీ అక్క నీలవేణి వద్దన్నదిరా. బందులల్ల ఆటో నడవకుంటే నడవకపాయె, గంజి తాగుదాం గని గోళీలు మింగకన్నది. మొన్ననే ఉప్పల్‌ల ఇంకో కంపెనీ గోళీలు మింగినవు, మల్ల మింగితే పానం ఆగదన్నది. భువనగిరిల పెండ్లికి పోతున్ననని అబద్ధం జెప్పి నీ ఎంబడి వచ్చిన. గడప దాటెటప్పుడు నీలవేణి మొకం గూడ సూడలే. అంగీకి గుండీ ఊడిందని పిలుస్తనే ఉన్నది."

హనుమాండ్లు నవ్వు సగంలో ఆగింది. పెళ్లి అబద్ధం నేర్పింది తనే. ఒక మందు మింగి గడువు తీరకుండా వచ్చినవాణ్ని ఇంకో కంపెనీ చేర్చుకోదు. అందుకని, ఇల్లు ఖాళీ చేసి అమలాపురం వెళ్లిపోయిన కిరాయిదారు త్రిమూర్తులు మరిచిపోయిన ఓటరు కార్డును బావ చేతిలో పెట్టిందీ తనే. "ఓటరు కార్డుల ఫోటో ఎవలదైనా ఒక్కతీరే ఉంటది, ఫికర్ జేయకు" అని ధైర్యం చెప్పిందీ తనే. కార్డు చూసిన గుమాస్తాకు కూడా అలాగే కనబడింది.

"గా కార్డే నా కొంప ముంచింది," అన్నాడు ఉమాశంకర్. "ఈల్లకు నేను త్రిమూర్తులును. అమలాపురం దిక్కు అడిగితే ఎవ్వలకు ఎరుకలేదన్నరంట. దిక్కులేని పీనుగని వ్యాన్ల ఏసి తోల్కపోతున్రు. యాడ కాలవెడ్తరో ఏమో. నీలవేణి నా మొకం సూడొద్దారా? గేటు కాడికి పోయి ఒక్క మాటను. ఈయన త్రిమూర్తులు గాదు, చిల్కానగర్ ఉమాశంకర్, మా బావ అను. గంతే."

"అంటే దొంగ కార్డు బయటపడదా? పైసలియ్యకుండ ఇద్దర్నీ ఎల్లగొడ్తరు. గోళీ మాట ఇని నోటికాడి బుక్క ఇడిసిపెట్టుకుంటనా?"

కింద ఇంజను చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే వెనక గేటు దగ్గర తెల్ల వ్యాను ఒకటి.

హనుమాండ్లు లేచాడు. ఎందుకు లేచాడో తనకే తెలియదు. గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎక్కడికి?"

నోటి దాకా వచ్చింది. నాలుక మీద బావ పేరు ఉంది.

"బాత్రూంకు," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి ఉమాశంకర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అంగీ గుండీ ఒకటి లేదు. వ్యాను గేటు దాటి మలుపు తిరిగేదాకా చూశాడు.

"నువ్వు గూడ పిలిస్తే పలుకకపోతివి," అన్నాడు మెల్లగా. "సరే తియ్. అక్కకు నువ్వే జెప్పాలె మల్ల."

ఇంక అక్కడ ఎవరూ లేరు.

'దిగింది' అనుకున్నాడు హనుమాండ్లు. అనుకున్నాడే గాని, సాయంత్రం పెట్టిన అన్నం ప్లేటును చంద్రయ్య వైపు జరిపేశాడు. ఇంటికి వెళ్లగానే అక్క దగ్గరికి పోయి, బావ ముందే తప్పంతా నాదేనని చెప్పేయాలనుకున్నాడు.

చీకటి పడుతుండగా హరిచందన వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అందరి నాడీ చూస్తూ హనుమాండ్లు దగ్గర ఆగింది.

"అమ్మా, మీ గోళీ మస్తు పనిజేసింది," అన్నాడతను నవ్వబోతూ. "ఇందాక మా బావ ఈ మంచం మీదనే కూసుండి మాట్లాడిండు. రాసుకోండ్రి."

ఆమె పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"మీకెలా కనబడతారండీ? పొద్దున ఆ త్రిమూర్తులు గారి ప్రాణం పోయాక, ఎవరికి ఏం ఇచ్చామో రాసి ఉంచిన కవర్ల సీళ్లు తీసి చూశాం. మీకిచ్చింది ఉత్త పిండి గోళీ."