గుండ్లరేవు అల్లుడు

ఉప్పల్ నల్లచెరువు పొంగి వరంగల్ రోడ్డు మీద బస్సులు ఆగిపోయిన వరద వచ్చిందే, దానికి రెండో ఏడు. నాచారం నుంచి కృష్ణా నది మీద లాంచీ షికారుకు పోయిన గుంపులో సాంబయ్య, అతని భార్య సత్తమ్మ ఉన్నారు. లాంచీ గుండ్లరేవు అనే చిన్న ఊరి దగ్గర ఆగింది.

"పాత గుండ్లరేవు డ్యాము నీళ్ల కిందికి వోయింది. ఇది కొత్తూరు," అన్నాడు లాంచీ నడిపే దుర్గేష్ మైకులో. "అరగంటల సూసి రాండ్రి. అన్నం లాంచీలనే. పప్పు, సాంబారు."

సాంబయ్య ఊరు చూడలేదు. దిగీ దిగగానే చేపల పులుసు వాసన తగిలింది. ముక్కు ఎటు లాగితే అటు నడిచి, వల ఆరేసిన ఒక గడప ముందు ఆగాడు. లోపల పొయ్యి దగ్గర కుర్మమ్మ అనే ముసలామె గంటెతో కలుపుతోంది.

"అవ్వా, జర పులుసు పోస్తవా? పైసలిస్త."

"ఇది హోటల్ గాదు బిడ్డా. ఇంటోళ్లకు వండుకున్న."

సాంబయ్య వెనక్కి తిరిగాడు. వాసన కూడా వెంటే వచ్చింది. మళ్లీ ఇటు తిరిగాడు.

"నేను ఇంటోన్నే అవ్వా. మీ ఊరి అల్లున్ని."

కుర్మమ్మ గంటె ఆపింది. "ఎవరింటి అల్లునివి?"

"పాత ఊరోళ్లు. నీళ్లు రాకముందే పట్నం వోయిన్రు."

మునిగిన ఊరు. పోయినవాళ్లు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఇంతకన్నా మంచి అత్తగారిల్లు ఎక్కడ దొరుకుతుంది? కుర్మమ్మ అతన్ని కింది నుంచి మీది దాకా చూసి పీట వేసింది.

పళ్లెంలో తలకాయ ముక్క పడింది. ఒక ఇంటికి అల్లుడంటే ఊరందరికీ అల్లుడే. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒకామె వేయించిన రొయ్యలు తెచ్చింది.

"బావ మాట్లాడతలేడేంది?"

"నోరు దెరిస్తే ముక్క జారుతదని భయం."

"తిన్నదానికి పని జెయ్యాలె బావా. మా మొగోళ్లు వల గుంజనీకె పిలుస్తున్రు."

సాంబయ్య తల ఊపాడు. దేనికి ఊపాడో అతనికే తెలియదు.

"అది సరేగని, అక్కనేడ దాసినవ్?"

"లాంచీల ఉన్నది," అని నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు రేవు వైపు పరుగెత్తారు.

ముద్ద చేతిలోనే ఆగింది. సత్తమ్మకు అబద్ధమంటే పడదు. ఉప్పల్ మార్కెట్లో టమాటాలు తూకానికి మించి వచ్చాయని తిరిగిపోయి ఇచ్చివచ్చే మనిషి. ఇంతమందిలో ఇప్పుడు తన పరువు ఆమె నోట్లో ఉంది.

సత్తమ్మను చేతులు పట్టి తీసుకొచ్చారు. ఆమె పళ్లెం చూసింది. మొగుణ్ని చూసింది.

"ఏందిది?"

సాంబయ్య పళ్లెం కొంచెం వెనక్కి జరిపాడు.

"అమ్మగారింటికొచ్చి లాంచీల కూసుంటవా బిడ్డా? దా ఇంట్లకు," అంది కుర్మమ్మ.

సత్తమ్మ గడప దాటలేదు. "అవ్వా, ఈయన నోటికొచ్చింది జెప్పిండు. నాది ఈ ఊరు గాదు. ఈ ఊరేంది, అమ్మగారిల్లని చెప్పుకోనీకె నాకు ఏ ఊరూ లేదు. అమ్మ వోయినంక రమ్మన్నోళ్లు లేరు. తిన్నదానికి పైసలిచ్చి పోతం. మనసుల వెట్టుకోకు."

ఆడవాళ్లు కుర్మమ్మ వైపు చూశారు. సాంబయ్య చేప ముల్లు వైపు చూశాడు.

"నాకెరుకే బిడ్డా," అంది కుర్మమ్మ. "నా పులుసు ఉడికే పొద్దుకు లాంచి లాంచికి ఒక అల్లుడు దిగుతడు. మొన్న ఇద్దరు దిగిన్రు, తోడల్లుండ్లు."

ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"అల్లుండ్లు మస్తు మంది. బిడ్డ దిగుడు ఇదే మొదలు. కూసో."

సత్తమ్మ కూర్చుంది. కుర్మమ్మ ఆమె కొప్పు విప్పి చూసి, "నెత్తికి నూనె వెట్టెటోళ్లు లేరాయె," అంటూ గిన్నె తెచ్చుకుంది. సత్తమ్మ వద్దనబోయి ఊరుకుంది.

రేవులో హారన్ మోగింది. సాంబయ్య చేయి కడుక్కుని లేచాడు.

"నడువ్. లాంచి వోతది."

"ఈయాల మంగళారం," అంది కుర్మమ్మ, నూనె రాస్తూనే. "మంగళారం ఆడబిడ్డను అమ్మగారింట్లకెల్లి ఎవలన్న పంపుతరా?"

"అవ్వా, నేను జెప్పింది అబద్ధమని నీకెరుకేనంటివి గద."

"నీది అబద్ధం. మంగళారం గూడ అబద్ధమా?"

సాంబయ్య భార్య వైపు చూశాడు. నిజం తప్ప చెప్పని మనిషి, ఇప్పుడైనా చెబుతుందని నిలబడ్డాడు. సత్తమ్మ కళ్లు మూసుకుని ముసలామె మోకాలికి తల ఆనించింది.

"నువ్వు వో," అంది. "నీ సాంబారు సల్లారుతది."

మరునాడు పొద్దున్నే నాచారంలో సాంబయ్య చాయ్‌పత్తి కోసం వంటింట్లో డబ్బాలన్నీ దించాడు. దొరకలేదు. దించినవి దించినట్టే వదిలేసి గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఉప్పల్ చౌరస్తాలో బత్తాయిలు, మల్లెపూలు కొని బస్సెక్కాడు.

ఎక్కడికని అడిగాడు కండక్టర్.

"అత్తగారింటికి," అన్నాడు సాంబయ్య.