అంగీకి కుట్టిన సాక్సులు

మా హన్సిక అంగీ చేతులకు రెండు సాక్సులు కుట్టిన. ఒకదాని మీద కుందేలు, ఇంకోదాని మీద కారు.

మే నెల. తండాల మా ఆడపడుచు పెళ్లి. వచ్చినోళ్లంత పెళ్లికూతురును ఇడిసిపెట్టి మా పిల్లనే చూస్తున్నరు.

"గింత ఎండల సాక్సులేందే పుష్పా? అది గూడ చేతులకు?"

"గోక్కుంటది పెద్దమ్మా."

"మా బర్రెకు గూడ గిట్లనే అయింది. ఇంజనాయిల్ పూసినం."

"తగ్గిందా?"

"అమ్మేసినం."

మూడేండ్ల పిల్ల. మొఖం పండిన టమాటా. మెడకింద తోలు పొట్టులెక్క లేస్తుంది. పొద్దున పక్కబట్ట దులిపితే జొన్నపిండి రాలినట్టు రాలుతది.

మొదట మోచేతి మీద చిన్న మచ్చ. మెడికల్ షాపుల ట్యూబు ఇచ్చిన్రు. పూస్తే తెల్లారేసరికి మాయం, ఆపితే రెండింతలు. మళ్ల పూసుడు.

ఖమ్మంల చర్మం డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి తలకాయ పట్టుకున్నది.

"ఇందుల స్టెరాయిడ్ ఉందమ్మా. పాప తోలు దీనికి అలవాటు పడ్డది. నేను చెప్పినట్టు మెల్లగ మాన్పియ్యి. మానినంక ముందు ఎక్కువైతది, తర్వాత తగ్గుతది. మధ్యల భయపడి మళ్ల పూసినవనుకో, మొదటికొస్తది."

నేను తొమ్మిదిల బడి మానేసినదాన్ని. ఆమె చెప్పిందాంట్ల 'ముందు ఎక్కువైతది' ఒక్కటే నాకు మంచిగ సమజైంది. గదే అయితుంది.

ఇంట్ల ట్యూబులన్ని పారేసిన అనుకున్న. మా అత్తమ్మ హేమ్లి బొడ్డుసంచిల ఒకటి ఉన్నది.

పొద్దటి నుంచి నా వెంబడే తిరుగుతుంది.

"జెర్రంత. గోరంత. పోటోలల్ల మంచిగ పడ్తది. రేపటి నుంచి బంద్ చెయ్యి."

"డాక్టరమ్మ వద్దన్నది గదా అత్తమ్మా."

"ఆమె బిడ్డ పెళ్లా? నా బిడ్డ పెళ్లి."

నేను నా మొగుడు శ్రీధర్ దిక్కు చూసిన. ఆయన డీజే పెట్టె దిక్కు చూసిండు.

ఇంతల హన్సిక పోయి టెంటు కర్రకు వీపు రుద్దుతుంది, దూడలెక్క. ఉరికి ఎత్తుకున్న.

"యాడీ, అమ్మా, గోకు."

"గోకుడు లేదు బిడ్డా. తట్టుడే."

తట్టుకుంట తిరిగిన. తండంత తిరిగిన. అత్తమ్మ వెనకనే.

పెళ్లికూతురును సాగనంపే టైముకు పూలి అవ్వ లేచింది. తండాల ఏడుపులన్నిటికి ఆమెనే పెద్ద.

"డీజే బంద్ చెయ్యుర్రి. ఏడ్వాలె."

మా లంబాడోళ్ల పెళ్లిల పెళ్లికూతురు ఒక్కొక్కల మెడ పట్టుకొని, రాగం దీసి, మాటలు కట్టి ఏడ్వాలె. పట్టిచ్చుకున్నోళ్లు గూడ అట్లనే ఏడ్వాలె. లేకుంటే మగపెళ్లోళ్లు ఏడాది పొడుగున చెప్పుకొని నవ్వుతరు.

నా ఆడపడుచు నాగలత ఇల్లందుల సెల్‌ఫోన్ల షాపుల చేస్తది. ప్రేమించిన పిలగాన్నే చేసుకుంటుంది. ఏడుపెక్కడిది?

వాళ్ల నాయన లాలు మెడ పట్టుకొని "ఊ... ఊ..." అన్నది. ఎండుదగ్గు లెక్కుంది.

పూలి అవ్వ నొసలు కొట్టుకున్నది. "ఫోన్ల రింగుటోన్ గూడ ఇంతకన్న మంచిగ ఏడుస్తదే!"

తర్వాత నాగలత నా మెడ పట్టుకున్నది. చెవుల గుసగుస పెట్టింది.

"వదినా, నాకు వస్తలేదు. మగపెళ్లోళ్లు వీడియో తీస్తున్నరు. నీ కాళ్లు మొక్కుత, నువ్వన్న ఏడువు."

సరే, ఉత్తగనే రాగం తీద్దామని నోరు తెరిసిన.

"ఎత్తుకుంటె మండె నా తల్లీ... దింపితె ఏడిస్తివి నా తల్లీ..."

ఇగ ఆగలే.

"ఊదితె మండె, నీళ్లు వోస్తె మండె... ఎవ్వలకు చూపిద్దు నిన్నూ... ఎన్నొద్దులు ఓర్సుకుందు నా తల్లీ..."

నా గొంతు నాకే కొత్తగుంది. ముక్కు కారుతుంది. నాగలత బుగులుపడి ఎనక్కి జరగబోయింది. నేను ఇడువలే. కాసేపటికి దానికి గూడ నిజంగనే ఏడుపొచ్చింది. కాటుకంత నా జాకెట్ మీదికి దిగింది.

కింద హన్సిక నా కాళ్లు పట్టుకొని అదే రాగం అందుకున్నది.

ఆడోళ్లంత కండ్లు తుడుసుకున్నరు.

"అయ్యో, ఆడపడుచును ఎత్తుకొని సాదిందట!" అన్నది మగపెళ్లోళ్ల ముసలామె.

నాగలత నాకన్న రెండేండ్లు పెద్దది.

"కోడలంటే గిట్లుండాలె హేమ్లీ," అన్నది పూలి అవ్వ.

అత్తమ్మ ఒక్కతే కండ్లు తుడుసుకోలే. నా దిక్కు, నా కాళ్లకాడి పిల్ల దిక్కు చూస్తుంది.

పెళ్లికూతురు కారు మలుపు తిరిగినంక ఇంటోళ్ల బంతి ఏసిన్రు. అత్తమ్మ వచ్చి, నా సంకల నుంచి హన్సికను గుంజుకొని ఒళ్లె కూసోబెట్టుకున్నది. బొడ్డుసంచి ఇప్పింది.

ట్యూబే అనుకొని చెయ్యి అడ్డం పెట్టబోయిన.

వక్క తీసి నోట్లె ఏసుకున్నది.

పూలి అవ్వ వంగి పిల్ల మొఖం చూసింది. "ఏందే హేమ్లీ గీ ఎరుపు? ఏమన్న పూయరాదే?"

"ఏం పూయొద్దు!" అత్తమ్మ కసిరింది. "కొత్త తోలు వస్తుంది. జెర్ర టైం వడ్తది."

ఆ మాట పూలి అవ్వ కాదు, నేనే అన్నట్టు నన్ను గూడ కసిరింది.

"నిలవడ్డవేంది? పోయి తిను. పిల్ల చేతులు నేను వట్టుకుంట."

బంతిల కూసున్న. ఇస్తారిల మంచి మూలుగ బొక్క పడ్డది.

నిమ్మళంగ చీకిన. ఎవ్వలు పిలువలే.