ఆర్డరు ఎటు పోతుంది?

పెద్దాయన ఆ రోజు కూడా సరిగ్గా తొమ్మిదిన్నరకు వచ్చాడు. కుర్చీ లాక్కుని గుమస్తా పక్కన కూర్చున్నాడు. నోటుబుక్కు తెరిచాడు.

"ఆర్డరు వచ్చాక మొదట ఎవరు చూస్తారు బాబూ?"

గుమస్తాకు ఒళ్లు మండింది. నిన్నా ఇదే ప్రశ్న. మొన్నా ఇదే.

"నేనేనండీ. సరుకుందో లేదో కంప్యూటర్లో చూసి గోడౌనుకు పంపిస్తా."

"లేకపోతే?"

"కొనుగోలు సెక్షనుకు పోతుంది."

పెద్దాయన గళ్లు గీసి, వాటి మధ్య బాణాలు వేసుకున్నాడు.

ఆ బాణాలు గుమస్తాకు కొత్త కాదు. పాత కంపెనీలో ఒకాయన ఇలాగే పుస్తకం పట్టుకుని వారం రోజులు అందరి వెంటా తిరిగాడు. రెండు నెలల్లో కొత్త కంప్యూటర్ సిస్టమ్ దిగింది. ఆరు కుర్చీలు ఖాళీ అయ్యాయి. అందులో ఒకటి తనది. ఇక్కడ చేరి మూడు వారాలైనా కాలేదు, అప్పుడే శని అడ్రసు కనుక్కుని వచ్చింది.

ఆయనెవరని మేనేజర్ మేడమ్‌ని అడిగితే, "అడిగింది ఓపిగ్గా చెప్పండి, చాలు" అని తల తిప్పుకుంది.

భోజనాల వేళ పెద్దాయన లేనప్పుడు గుమస్తా ఆ నోటుబుక్కు తిరగేశాడు. పేజీకొకటి చొప్పున ఒకటే బొమ్మ. ఇన్ని కాపీలు ఎవరెవరికి పోతున్నాయో. అడిగిందే అడుగుతున్నాడంటే, తను ఎప్పుడు మాట మారుస్తాడా అని కాచుక్కూచున్నాడన్నమాట.

సరే, మార్చే చూద్దామనుకున్నాడు.

"సరుకు లేకపోతే ఆర్డరు కొట్టేస్తామండీ," అన్నాడు మర్నాడు.

పెద్దాయన పెన్ను ఆగిపోయింది. "అలా పోదు బాబూ. కొనుగోలుకే పోవాలి. కొట్టేయడానికి అందులో దారే లేదు."

దొరికాడు. అన్నీ తెలిసే అడుగుతున్నాడు.

గుమస్తా తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లాడు. "నన్ను తీసేయాలనుకుంటే మొహం మీదే చెప్పండి మేడమ్. మధ్యలో ఈ కూపీలు లాగే మనిషెందుకు?"

ఆమె అద్దంలోంచి పెద్దాయన వైపు చూసింది.

"మీరు పనిచేస్తున్న ఆ సిస్టమ్‌ని ఇరవై ఏళ్ల కిందట తయారుచేసింది మా నాన్నే, ఇప్పుడాయనకు నా పేరు కూడా గుర్తులేదు, దాన్ని ఇంకా తయారుచెయ్యాలన్న సంగతొక్కటే గుర్తుంది."