చివరిదాకా విన్నది

వీడియోకు సిగ్నల్ సరిపోని పిల్లల కోసం కలీముల్లా సారు ఇంటర్ పాఠాలు ఆడియోలో పంపేవాడు. ఎవరెంత విన్నారో ఆయనకు ఫోన్లో తెలిసేది. నలభై మందిలో రోజూ చివరిదాకా వింటున్నది జయంతి ఒక్కతే. అందుకే ప్రతి పాఠం చివరా "అర్థమైందా జయంతీ?" అని అడిగేవాడు.

ఆ జయంతే క్వార్టర్లీ పరీక్షకు రాలేదు. సారు కుందుర్పి దగ్గరున్న వాళ్ల ఊరికి వెళ్లాడు.

శెనక్కాయ చేలో, గుంజకు కట్టిన స్పీకర్లోంచి తన గొంతే వినిపిస్తోంది.

ఆయన పలకరించగానే జయంతి తండ్రి గుర్తుపట్టాడు. "మీరేనా సార్! మనిషి మాట ఇనపడితే జింకలు రావు. మీది గట్టి గొంతు."

"జయంతి యాడ?"

"ఇత్తనమేసిన వారానికే బెంగళూరు గార్మెంట్సుకు పోయింది సార్. పాత ఫోను ఈడే పెట్టిపోయింది."

సారు చేనంతా చూశాడు. వాన లేక ఎప్పుడో మాడిపోయింది. జింక కొరకడానికి పచ్చాకు లేదు.

"మరి ఇంగా పాఠం ఎందుకన్నా పెడతాండావు?"

"ఉండండి సార్, అయిపోవచ్చింది," అని తండ్రి స్పీకరు దగ్గరికి జరిగాడు.

"అర్థమైందా జయంతీ?"

"ఊఁ," అన్నాడు తండ్రి.