కుడివైపు కింది పన్ను

"ముఖం చూపియ్యలేనమ్మా," అన్నాడు డాక్టరు. "చూసినా గుర్తువట్టలేవు. నెల దాటింది నీళ్లల్ల. పండ్లొక్కటే పాడుగాలే."

నాగర్‌కర్నూల్ దవాఖాన వెనక, శవాల గది ముందు బెంచీ మీద రేణుక, కూతురు నవ్య కూర్చుని ఉన్నారు. రేణుక భర్త కురుమూర్తి సోమశిల దగ్గర కృష్ణలో చేపలకు పోయి ముప్పై ఏడు రోజులు. ఖాళీ పుట్టి ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. నిన్న దిగువన శవం దొరికిందని స్టేషను నుంచి ఫోను. వనపర్తిలో నర్సింగు చదువుతున్న నవ్య తెల్లారగానే బస్సెక్కి వచ్చింది.

"మీ ఆయనకు కింది దవడల కుడిదిక్కు పుచ్చు పన్ను ఉండెనా?"

"ఉండె సారూ," అంది రేణుక. "రెండేండ్లు సతాయించింది. లవంగం పెట్టుకొని పండుకునేటోడు."

డాక్టరు, హెడ్ కానిస్టేబుల్ దేవరాజు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈయనకు గూడ ఆడ్నే పుచ్చింది. సిమెంటు పెట్టించుకున్నడు," అన్నాడు డాక్టరు.

రేణుక చటుక్కున తలెత్తింది. "సిమెంటా?"

"అవునమ్మా. పుచ్చిన కాడికి గీకి తీసి, ఆ గుంతను నింపుతరు."

"గట్లయితే ఆయన గాదు!" రేణుక లేచి నిలబడింది. "పురుగును లోపల పెట్టి మూస్తే మెదడుకెక్కుతది సారూ. సిమెంటు జోలికి పోనని నా మీద ఒట్టేసిండు."

"పురుగేమీ ఉండదమ్మా. గుంత మూసుకపోతే తిండి ఇరుక్కోదు, పుచ్చు లోపలికి పోదు. కొన్ని రకాలల్ల పన్నును గట్టిపరిచే ఫ్లోరైడు గూడ ఉంటది, కొంచెం కొంచెం పంట్లెకు దిగుతుంటది. పక్క పన్ను పుచ్చింది గని, నింపింది సల్లగుంది."

"ఎవరి పన్నో సల్లగుండనీ సారూ. మా ఆయనది గాదు."

దేవరాజు నవ్య వైపు తిరిగాడు. "సదువుకున్నదానివి. నువ్వేమంటవ్ బిడ్డా?"

నవ్య తల్లిని చూసింది. ఇన్నాళ్లూ పీక్కుపోయిన ముఖంలోకి ఇప్పుడే కాస్త కళ వస్తోంది.

"అమ్మ మీద ఒట్టేసి తప్పేటోడు గాదు మా నాయిన," అంది.

దేవరాజు రాసుకున్నాడు. నవ్య నెత్తురు తీసుకున్నారు. డీఎన్ఏ రిపోర్టుకు ఇంకో నెల పడుతుందని, అప్పటిదాకా గుర్తు తెలియని శవమేనని చెప్పారు.

బస్టాండు హోటల్లో రేణుక రెండు ఇడ్లీలు తిని మూడోది అడిగింది. అన్నం సయించని నోరు, ఇవ్వాళ ఆబగా నములుతోంది.

"ఏ తల్లి కన్న కొడుకో పాపం," అంది మధ్యలో ఆగి. "వాని పెండ్లాం యాడ ఎదురుచూస్తుందో. మీ నాయిన యాడనో ఒడ్డున పడి ఉంటడు. రేపు ఆవలి ఊర్లల్ల అడుగుదాం."

నవ్య ప్లేటు ముట్టలేదు. చున్నీతో కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది.

"ఏడుస్తవెందుకే ఎడ్డిదానా? ఆయన గాదని తేలె గద." కూతుర్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది రేణుక.

ఆ పంటికి సిమెంటు పెట్టించింది నవ్యే.